17.70 కట్ అవుతోంది సరే, పాస్‌బుక్ వదిలేయొచ్చా?

మీరు అడిగినవి రెండు. మూడు నెలలకోసారి ఖాతాలోంచి 17 రూపాయల 70 పైసలు ఎందుకు పోతున్నాయి? బ్యాంకువాళ్లు పేపర్‌లెస్‌కి మారమంటున్నారు, పాస్‌బుక్ వదిలేయొచ్చా?

మొదటిది తేలిక. అది దాదాపుగా ఎస్సెమ్మెస్ చార్జే. 15 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 2.70. చార్జీ ఏదైనా జీఎస్టీ పడుతుంది కాబట్టి పైసలతో కూడిన వింత అంకె కనిపిస్తే 1.18తో భాగించి చూడండి, లోపల గుండ్రటి అంకె బయటపడుతుంది. 236 కట్ అయితే 200, అంటే ఏటీఎం కార్డు ఏడాది రుసుము అయ్యుండొచ్చు.

రెండోదానికి నా కథ చెప్పాలి. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో చేసేదాన్ని. జీతం ఖాతా వాళ్లే ఒక ప్రైవేటు బ్యాంకులో తెరిపించారు. జీరో బ్యాలెన్స్, పాస్‌బుక్ లేదు, స్టేట్‌మెంట్ మెయిల్‌కి. ఏ మెయిల్? ఆఫీసు మెయిల్. ఏ ఫోన్ నంబరు? ఆఫీసు ఇచ్చిన సిమ్. అప్పుడది చాలా సౌకర్యంగా అనిపించింది. ఉద్యోగం మానేసి తెనాలి వచ్చేటప్పుడు మెయిల్ పోయింది, సిమ్ తిరిగిచ్చేశాను. ఖాతాలో 4,212 ఉన్నాయి, ఉంటే ఉన్నాయిలే అనుకున్నాను.

జీతం పడడం ఆగిపోయాక కొన్నాళ్లకి ఆ ఖాతా మామూలు సేవింగ్స్‌గా మారిపోతుంది. సగటున పదివేలు ఉండాలి, తగ్గితే తగ్గినదాని మీద 6 శాతం, ఆపైన జీఎస్టీ. మొదటి నెల 409 పోయింది. అలా పోయినందుకే రెండో నెల లోటు ఇంకా పెరిగింది, ఫైనూ పెరిగింది. ఆరో నెలకి 576. మళ్లీ చూసుకునేసరికి పన్నెండొందల చిల్లర మిగిలింది. అసలు తమాషా ఏంటంటే, ఎవరి చేతిలో ఉందో తెలియని ఆ సిమ్‌కి మెసేజ్‌లు పంపినందుకు ఎస్సెమ్మెస్ చార్జీ కూడా నా దగ్గరే తీసుకున్నారు.

బ్రాంచికి వెళ్తే కౌంటర్లో కుర్రాడు మర్యాదగానే, "నోటీసులన్నీ మీ మెయిల్‌కి పంపాం మేడమ్" అన్నాడు. నిజమే, పంపారు. రూలు ప్రకారం మెసేజో మెయిలో పంపి, ఒక నెల గడువిచ్చి, అప్పుడే ఫైను వేయాలి. 2015 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధన అది. ఫైను తగ్గిన మొత్తానికి తగ్గట్టు ఉండాలి, దానివల్లే సేవింగ్స్ ఖాతా మైనస్‌లోకి పోకూడదు. వాళ్లు రూలు తప్పలేదు, నేనే అడ్రసు మార్చుకోలేదు. రాతపూర్వకంగా అడిగితే రెండు నెలల ఫైను వెనక్కి వేశారు. ఫైను వేయడం తప్పని మాత్రం ఎక్కడా ఒప్పుకోలేదు.

ఆరు నెలల స్టేట్‌మెంట్ అడిగితే కొత్త మెయిల్‌కి పీడీఎఫ్ పంపారు. పాస్‌వర్డు పేరులో మొదటి నాలుగక్షరాలు, పుట్టిన తేదీ. ఎన్నిసార్లు కొట్టినా తెరుచుకోదు. అరగంట తర్వాత వెలిగింది: బ్యాంకు రికార్డులో మా ఇంటిపేరు ముందుంది! ఇంటిపేరు ముందు రాసుకునే మనలాంటివాళ్లందరూ ఇది గుర్తుపెట్టుకోండి.

ఇక మా నాన్న. ఆయనకి గవర్నమెంటు బ్యాంకులో పెన్షన్ ఖాతా. నెలకోసారి పాస్‌బుక్ పట్టుకెళ్తారు. లాబీలో మెషిన్ ఉంటుంది కదా, బార్‌కోడ్ స్టిక్కర్ ఉన్న పేజీ లోపలికి పెడితే టర్రుమని ప్రింటు కొట్టి బయటికి తోస్తుంది. ఒక్కోసారి లైను మీద లైను పడుతుంది, ఆయన అక్కడే తిట్టుకుంటారు. ఇంటికొచ్చి ఎర్ర బాల్‌పెన్నుతో ప్రతి పద్దుకీ టిక్కు. తెలియనిదానికి సున్నా చుడతారు. అలా సున్నా చుట్టిందే అమ్మ ఖాతాలో మే నెల 20 రూపాయలు. ప్రధానమంత్రి సురక్షా బీమా అనే ప్రమాద బీమా ప్రీమియం. అదే 20 ఇంకో బ్యాంకులోనూ పోతోంది. నా ఖాతాలు చూసుకుంటే జీవన్ జ్యోతి అనే జీవిత బీమా 436 కూడా రెండు చోట్ల. ఈ పథకాలు మనిషికి ఒక ఖాతాలోంచే. రెండు చోట్ల కట్టినా క్లెయిమ్ ఒక్కటే. ఖాతా తెరిచేటప్పుడు సంతకం పెట్టిన కాగితాల్లో ఇదీ ఒకటై ఉంటుంది. రెండోది ఆపమని బ్యాంకుకి చీటీ రాసిచ్చాం.

కాబట్టి నా సలహా: పేపర్‌లెస్‌కి మారండి, పాస్‌బుక్ మాత్రం ఇచ్చేయకండి. రెండిట్లో ఒకటే ఎంచుకోవాలన్నట్టు మాట్లాడతారు కానీ, సేవింగ్స్ ఖాతా ఉన్న వ్యక్తులకి పాస్‌బుక్ ఇవ్వాలని, దానికి డబ్బు తీసుకోకూడదని రిజర్వ్ బ్యాంకు 2006లోనే చెప్పింది. పోగొట్టుకుని డూప్లికేటు అడిగితే, పాత స్టేట్‌మెంట్ మళ్లీ ప్రింటు కావాలంటే చార్జీ వేస్తారు, అది వేరు. పీడీఎఫ్‌కీ ఒక లాభం ఉంది. వీసాకో లోనుకో అడిగినప్పుడు ఇంట్లో కూర్చునే పంపించొచ్చు. అయితే అది ప్రతి నెలా మెయిల్లో వచ్చి పడుతుంది, పాస్‌వర్డు కొట్టే బద్ధకానికి ఎవరూ తెరవరు. నేనైతే ఏడాదిలో ఒక్కటీ తెరవలేదు. ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు మొదటి వారాల్లో తెరుస్తున్నాను, మూడు నెలల చార్జీలు ఎక్కువగా ఆ చుట్టుపక్కలే పడతాయి.

ఏటీఎం సంగతి కూడా చూసుకోండి. మీ బ్యాంకు మెషిన్‌లో నెలకి 5 సార్లు ఉచితం. వేరే బ్యాంకుదైతే హైదరాబాద్ లాంటి మెట్రోల్లో 3, మా తెనాలిలో 5. బ్యాలెన్సు చూసుకోవడం కూడా లెక్కలోకే వస్తుంది. ఆపైన ఒక్కోదానికి 23 రూపాయల వరకు, జీఎస్టీ అదనం. 2025 మే 1 నుంచి ఇదీ రేటు.

ఏదైనా పద్దు తేలకపోతే కౌంటర్ దగ్గర వాదించకండి. తేదీ, మొత్తం రాసి బ్రాంచిలో ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి రాయొచ్చు, రుసుము లేదు. వాడని ఖాతా ఏదైనా ఉంటే మూసేయండి. ముందు మూసేసే చార్జీ ఎంతో అడగండి. నేను నా ఖాతాలో మిగిలినదంతా తీసుకుని మూసేశాను.

మీ 17.70 ఆపుకోవచ్చా అంటే, కొన్ని బ్యాంకులు అడిగితే మెసేజ్‌లు ఆపేసి మెయిల్‌కి మారుస్తాయి. నా ఖాతాకి అలాగే చేశాను. అమ్మ ఖాతాకి మాత్రం ఆపలేదు. ఆవిడ మెయిల్ చూడదు, ఫోన్ టింగుమంటే మాత్రం కూర పొయ్యి మీదున్నా వచ్చి చూస్తుంది. మొన్న అలాగే పరిగెత్తుకొచ్చి చదివింది: మెసేజ్‌ల చార్జీ 17.70 కట్ అయిందని మెసేజ్.