సర్కారు బిల్లు రాలేదని జీతం ఆపవచ్చా?

ప్రశ్న: మా తమ్ముడు నెల్లూరులోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఏజెన్సీ తరఫున పారిశుద్ధ్య పని చేస్తున్నాడు. మూడు నెలలుగా జీతం లేదు. సర్కారు బిల్లు రాలేదని ఏజెన్సీ వారు, ఏజెన్సీనే అడగమని ఆసుపత్రి వారు అంటున్నారు. పాత జీతపు చీటీలో పీఎఫ్ కోత రెండుసార్లు ఉంది. ఎవరిని అడగాలి?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ఇద్దరినీ అడగవచ్చు. బిల్లు సంగతి ఆసుపత్రికీ ఏజెన్సీకీ మధ్య లెక్క. ఆ సాకుతో జీతం ఆపడానికి వీల్లేదు. నెల జీతాన్ని మరుసటి నెల 7వ తేదీ దాటకుండా ఇవ్వాలన్నది వేతనాల కోడ్ అనే కేంద్ర చట్టం నియమం. ఏజెన్సీ ఎగ్గొట్టినా, తగ్గించి ఇచ్చినా, ఆ బకాయిని ప్రధాన యజమాని, అంటే ఇక్కడ ఆసుపత్రి, తానే చెల్లించి ఆ తరువాత ఏజెన్సీ నుంచి రాబట్టుకోవాలి. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం 21వ సెక్షన్‌లో ఉన్న ఈ బాధ్యత, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో 55వ సెక్షన్‌గా కొనసాగుతోంది.

ఆ కోడ్ ప్రభుత్వ కార్యాలయాలకు వర్తించదని మీకు ఎవరైనా చెప్పవచ్చు. అది సగం మాటే: ప్రభుత్వమే ప్రధాన యజమానిగా ఉన్న చోట కాంట్రాక్టరు ద్వారా పనిచేసేవారికి వర్తిస్తుందని అదే కోడ్ చెబుతోంది. అయితే చట్టం వర్తించడానికి ఉండాల్సిన కనీస కాంట్రాక్టు కార్మికుల సంఖ్య పాత చట్టంలో 20 కాగా ఇప్పుడు 50 అయింది. ఇది చిన్న కార్యాలయాల్లో పనిచేసేవారికి నష్టమేనని నా అభిప్రాయం. ఆసుపత్రిలో అంతమంది లేకపోయినా, ఏజెన్సీ అన్నిచోట్లా కలిపి 50 మందిని పెట్టుకుని ఉంటే ఆ ఏజెన్సీ కోడ్ పరిధిలోకి వస్తుంది.

ఇక రెండు కోతల సంగతి. పీఎఫ్ లెక్కించే జీతం రూ.12,000 అనుకుంటే, కార్మికుడి వాటా 12 శాతం, అంటే రూ.1,440 మాత్రమే కోయాలి. యజమాని వాటాను కూడా కార్మికుడి జీతంలోంచే తీయడం చట్టవిరుద్ధం. కోసిన సొమ్ము ఖాతాలో పడిందో లేదో యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి గుర్తింపు సంఖ్య) నంబరుతో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూడమనండి. పడకపోతే పీఎఫ్ కార్యాలయానికి ఫిర్యాదు చేయాలి.

జీతపు బకాయి గురించి ఆసుపత్రి సూపరింటెండెంటుకు అర్జీ ఇచ్చి, రెండో ప్రతిపై ముద్ర వేయించుకోండి. నోటిమాటగా అడిగితే ఆధారం మిగలదు. హాజరు పట్టీ ఫొటో, బ్యాంకు స్టేట్‌మెంటు, జీతపు చీటీ జతచేసి నెల్లూరులోని కార్మిక శాఖ కార్యాలయంలోనూ ఫిర్యాదు ఇవ్వండి. వేతనాల కోడ్ ప్రకారం బకాయి కోసం దావా వేయడానికి మూడేళ్ల గడువుంది.