పెట్టెకు కిలోల లెక్కన డబ్బిస్తారట, ఒప్పుకోవాలా?

ప్రశ్న: మాది చిత్తూరు. చెల్లెలి కాన్పు కోసం అమ్మ (67 ఏళ్ళు) అమెరికా వెళ్ళింది. డల్లాస్ నుంచి గల్ఫ్‌లోని ఒక పెద్ద ఎయిర్‌పోర్టు మీదుగా చెన్నైకి తిరిగొచ్చింది. చెన్నై నుంచి రానూపోనూ ఒకే టికెట్, చెల్లెలే కొన్నది. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, ఇంగ్లీషు రాదు. అందుకే వీల్‌చెయిర్ ముందే అడిగాం. విమానం మారే చోట ఎవరో తోసుకెళ్ళి ఒక హాల్లో కూర్చోబెట్టి, వస్తామని చెప్పి వెళ్ళారట. ఎవరూ రాలేదు. చెన్నై విమానం వెళ్ళిపోయింది. 14 గంటల తరువాత ఇంకో విమానం ఎక్కించారు. చెన్నైలో దిగితే రెండు పెట్టెలూ రాలేదు. కౌంటర్లో రాయించి కాగితం తీసుకున్నాం. పన్నెండో రోజు ఒక పెట్టె తాళం విరిగి ఇంటికొచ్చింది, సంతకం పెట్టి తీసుకున్నాం. రెండోది నెలన్నరైనా రాలేదు. అందులో మూడు పట్టుచీరలు, పిల్లలకు కొన్న బట్టలు, ఒక జత బంగారు కమ్మలు ఉన్నాయి. కిలోకు 20 డాలర్ల చొప్పున ఇస్తాం, ఫారం మీద సంతకం పెట్టి పంపండి అని మెయిల్ వచ్చింది. విమానం తప్పడానికి మాత్రం మీ అమ్మగారే కారణం, గేటుకు రాలేదు అంటున్నారు. ఒప్పుకోవాలా? కేసు వేయాలంటే గల్ఫ్‌లోనా, చెన్నైలోనా, చిత్తూరులోనా? అమ్మ కోర్టు చుట్టూ తిరగాలా?

జవాబు: ముందు ఆ ఫారం పక్కన పెట్టండి. అలాంటి కాగితాల్లో చివర ఎక్కడో ‘ఇంతటితో నా క్లెయిములన్నీ పూర్తిగా తీరిపోయాయి’ అన్న అర్థం వచ్చే వాక్యం ఒకటి ఉంటుంది. దాని కింద సంతకం పెట్టాక నా దగ్గరికి వచ్చినా, ఇంకే లాయరు దగ్గరికి వెళ్ళినా చేయగలిగింది తక్కువ.

కిలోకు 20 డాలర్లు అన్నది అంతర్జాతీయ విమాన ప్రయాణాల మీద దేశాలు చేసుకున్న పాత వార్సా ఒప్పందం నాటి లెక్క. 23 కిలోల పెట్టెకు 460 డాలర్లు, అంటే సుమారు నలభై వేలు. కానీ మీ అమ్మగారి ప్రయాణానికి వర్తించేది 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం. మన దేశం 2009లో అందులో చేరింది, మన విమాన రవాణా చట్టం 1972లో అది మూడో షెడ్యూలుగా ఉంది. అందులో ప్రయాణికుల సామానుకు కిలోల ప్రసక్తే లేదు. సామాను పోయినా, పాడైనా, ఆలస్యమైనా ఒక్కో ప్రయాణికుడికి ఇంత అని గరిష్ఠ పరిమితి ఉంది. 2024 డిసెంబర్ 28 నుంచి ఆ పరిమితిని 1,519 ఎస్‌డీఆర్‌లకు పెంచారు. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క, ఒక్కొక్కటి వంద రూపాయలకు పైనే. మొత్తం లక్షన్నరకు పైమాటే.

అయితే అంతా చేతికొస్తుందని లెక్కలు వేసుకోకండి. అది పైకప్పు మాత్రమే. ఎంత నష్టపోయారో మీరు చూపించాలి. పైగా అది పెట్టెకు ఇంత అని కాదు, మనిషికి ఇంత అని. రెండు పెట్టెలకూ కలిపి అదే పరిమితి.

మొదటి పెట్టె సంగతి నిక్కచ్చిగా చెప్పాలంటే, తాళం విరిగిన విషయం దాదాపు చేజారినట్టే. పెట్టె చేతికొచ్చిన ఏడు రోజుల్లోగా పాడైందని రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. మీరు సంతకం పెట్టి తీసుకుని ఊరుకున్నారు. ఆ సంతకమే ‘పెట్టె బాగానే అందింది’ అనడానికి వాళ్ళకు సాక్ష్యం. ఆలస్యానికైతే గడువు 21 రోజులు. దిగిన రాత్రి రాయించిన కాగితంలో రెండు పెట్టెలూ రాలేదని ఉంది కాబట్టి, ఫిర్యాదు అప్పుడే చేశాం అని కొంత వాదించవచ్చు. పన్నెండు రోజులు ఆ పెట్టె లేక మీరు కొనుక్కున్న వస్తువుల బిల్లులుంటే జతచేయండి. లేకపోతే దాని మీద శక్తి ఖర్చు పెట్టకండి.

మీ కేసు నిలబడేది రెండో పెట్టె మీద. రావలసిన రోజు నుంచి 21 రోజులు దాటినా రాని సామాను పోయినట్టే లెక్క, ఆ హక్కుతో నేరుగా విమాన సంస్థను అడగవచ్చు. కిలోల లెక్కన డబ్బిస్తామని వాళ్ళంతట వాళ్ళు రాశారంటే, పోయిందని ఒప్పుకున్నట్టే. ఆ మెయిల్ డిలీట్ చేయకండి.

చెన్నైలో ఇచ్చిన కాగితం ఒకసారి బయటికి తీయండి. పైన పది అక్షరాల నంబరు ఒకటి ఉంటుంది. మొదటి మూడూ ఎం.ఏ.ఏ., అంటే చెన్నై. తరువాత రెండు విమాన సంస్థవి, చివర ఐదు అంకెలు మీ ఫైలువి. ఇక డల్లాస్‌లో పెట్టెలకు కట్టిన చీటీ తునకలు బోర్డింగ్ పాస్ వెనకో, పాస్‌పోర్టు వెనకో అంటించి ఉంటాయి. వాటి మీద పదంకెల నంబర్లుంటాయి. చాలామంది ఇల్లు చేరగానే పీకి పారేస్తారు. అమ్మగారి హ్యాండ్‌బ్యాగు వెతకండి. ఆ నంబరు ఉంటే, పెట్టె ఎక్కడిదాకా స్కాన్ అయిందో వాళ్ళే వినియోగదారుల కమిషన్ ముందు చెప్పాలని అడగవచ్చు.

చీరలకు బిల్లులు లేవని దిగులుపడకండి. అక్కడ బారసాల చేసే ఉంటారు, ఫోటోలు తీసే ఉంటారు. అమ్మగారు ఆ చీర కట్టుకున్న ఫోటో, కొన్న షాపు నుంచి అలాంటి చీర ధర చెప్పే కొటేషన్, డబ్బు కట్టిన బ్యాంకు స్టేట్‌మెంట్ కలిపి పెడితే కమిషన్లు మామూలుగా కొట్టిపారేయవు. పిల్లల బట్టలకు మీ చెల్లెలి కార్డు స్టేట్‌మెంట్ చాలు.

కమ్మల సంగతి వేరు. చెకిన్ సామానులో నగలు, నగదు పెట్టవద్దని, పెడితే తమ బాధ్యత కాదని దాదాపు ప్రతి విమాన సంస్థా తన షరతుల్లో రాసుకుంటుంది. విలువైనవి పెట్టక తప్పకపోతే చెకిన్ అప్పుడే విలువ ప్రకటించి అదనపు రుసుము కట్టే వెసులుబాటు మాంట్రియల్ ఒప్పందంలోనే ఉంది, కానీ మన వాళ్ళలో అలా చేసినవాళ్ళను నేను చూడలేదు. కమ్మలను క్లెయిములో రాయండి, తిరుపతిలోనో చిత్తూరులోనో కొన్న బిల్లు ఉంటే పెట్టండి, ఆశ మాత్రం తక్కువగా పెట్టుకోండి. ఇక్కడి నుంచి తీసుకెళ్ళిన నగలే అయితే, తిరిగొచ్చేటప్పుడు వాటికి సుంకం అడగకుండా, వెళ్ళేటప్పుడే చెన్నై కస్టమ్స్ దగ్గర ఎగుమతి సర్టిఫికెట్ తీసుకోవచ్చు. వచ్చేసారి అలా చేయండి, నగలు ఒంటిమీదో చేతిసంచిలోనో ఉండాలి.

ఇక గేటుకు రాలేదన్న మాట. నాకు చిరాకు పుట్టించింది ఇదే. మోకాళ్ళ నొప్పులున్న మనిషి, వాళ్ళు కూర్చోబెట్టిన చోటే కూర్చుంది. దుబాయ్, దోహా లాంటి చోట్ల టెర్మినల్ లోపలే రైళ్ళు తిరుగుతాయి, ఒక గేటు నుంచి ఇంకో గేటుకు చేరడం వయసులో ఉన్నవాళ్ళకే పరుగు. బోర్డింగ్ పిలుపు మైకులో వినిపిస్తుందని కాచుక్కూర్చుంటే చెన్నైతో సహా చాలా ఎయిర్‌పోర్టుల్లో ఇప్పుడా పద్ధతి లేదు, బోర్డులు చూసుకోవాల్సిందే. ఇంగ్లీషు రాని పెద్దావిడ ఏ బోర్డు చూస్తుంది? వీల్‌చెయిర్ అడగడమే అందుకు.

వాళ్ళ మొదటి వాదన, వీల్‌చెయిర్ తోసేది ఎయిర్‌పోర్టు మనుషులు, మాకు సంబంధం లేదు అని. చెల్లదు. ఆలస్యం వల్ల కలిగిన నష్టానికి విమాన సంస్థే బాధ్యత వహించాలి. తామూ, తమ సిబ్బందీ, తమ తరఫున పనిచేసే ఏజెంట్లూ అవసరమైన జాగ్రత్తలన్నీ తీసుకున్నారని రుజువు చేసుకోవాల్సిన భారం కూడా వాళ్ళదే. రెండో వాదన ప్రయాణికురాలి నిర్లక్ష్యం. అందుకు జవాబు మీ టికెట్‌లోనే ఉంటుంది. వీల్‌చెయిర్ అడిగినవాళ్ళ టికెట్‌లో డబ్ల్యూ.సి.హెచ్. అన్న మూడు అక్షరాలు, వెనక ఆర్, ఎస్, సి లలో ఒకటి ఉంటుంది. ఆర్ అంటే మెట్లెక్కగలరు గాని దూరం నడవలేరు, ఎస్ అంటే మెట్లు ఎక్కలేరు, సి అంటే సీటుదాకా తీసుకెళ్ళాలి. అది కన్ఫర్మ్ అయినట్టు ఉన్న ప్రింటు తీయించండి. ఆ అక్షరాలు రెండు విమానాలకూ ఉన్నాయా లేదా చూడండి, కొన్నిసార్లు ఒక్క విమానానికే నమోదై ఉంటుంది.

మన దగ్గర ఇలాంటిదాన్ని తేలిగ్గా తీసుకోలేదు. 2024 ఫిబ్రవరిలో ముంబయిలో భార్యను వీల్‌చెయిర్‌లో పంపి, తనకు దొరక్క నడిచిన 80 ఏళ్ళ పెద్దాయన ఇమిగ్రేషన్ దగ్గర కుప్పకూలి చనిపోతే, మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆ విమాన సంస్థకు 30 లక్షల జరిమానా వేసింది. మీ విషయం జరిగింది విదేశంలో కాబట్టి డీజీసీఏ అక్కడిదాకా వెళ్ళదు, మీ ఆధారం ఒప్పందమే.

14 గంటలకు ఏం అడగాలి? అమ్మగారు అక్కడ తిన్న తిండి, కొన్న మాత్రల బిల్లులు. మీరు చిత్తూరు నుంచి మాట్లాడుకున్న కారు చెన్నైలో పద్నాలుగు గంటలు నిలబడిందా, ఖాళీగా తిరిగొచ్చి మళ్ళీ వెళ్ళిందా? వెయిటింగ్ ఛార్జీ, డ్రైవర్ బత్తా, టోల్‌గేట్ల ఫాస్టాగ్ మెసేజీలు అన్నీ సాక్ష్యాలే. మానసిక వేదనకూ అడగండి, సేవా లోపం కింద కమిషన్లు ఎంతో కొంత ఇవ్వడం ఉంది. కానీ మాంట్రియల్ ఒప్పందం శిక్షగా వేసే పరిహారాన్ని ఒప్పుకోదు కాబట్టి దాని మీదే కోటలు కట్టకండి.

కేసు చిత్తూరులోనే వేయండి. రానూపోనూ టికెట్‌కు చట్టం దృష్టిలో గమ్యం బయలుదేరిన చోటే, అంటే చెన్నై. కాబట్టి భారతదేశంలో కేసు నడుస్తుంది. దేశం లోపల ఏ ఊళ్ళో అన్నది మన చట్టం చెప్పాలి, వినియోగదారుల రక్షణ చట్టం 2019 ఫిర్యాదుదారు నివసించే చోట వేయవచ్చంటుంది. చెన్నైకి పొమ్మని వాళ్ళు అభ్యంతరం పెడతారు, పెట్టనివ్వండి. ఇది వినియోగదారుల కమిషన్ పరిధి కాదన్నా భయపడకండి. 2011లో ట్రాన్స్ మెడిటరేనియన్ ఎయిర్‌వేస్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. టికెట్ చెల్లెలు కొన్నా, దాని మీద ప్రయాణించిన అమ్మగారు వినియోగదారే, ఫిర్యాదు ఆమె పేరునే ఉండాలి.

కేసుకు ముందు విమాన సంస్థకు లీగల్ నోటీసు పంపండి, అదే మెయిల్‌కు కూడా జవాబు రాయండి: కిలోల లెక్క మాకు సమ్మతం కాదు, ఆ హాలు సీసీటీవీ ఫుటేజి, వీల్‌చెయిర్ రికార్డులు భద్రపరచండి అని. ఫుటేజి ఎక్కువకాలం ఉంచరు, ఈ ఒక్క పని మాత్రం ఈ వారంలోనే చేయండి. కేంద్ర విమానయాన శాఖ వారి ఎయిర్‌సేవా పోర్టల్లోనూ ఫిర్యాదు పెట్టవచ్చు, దాని జవాబు కోసం ఆగనక్కర్లేదు.

కేసు వేయడానికి గడువు విమానం చెన్నై చేరిన రోజు నుంచి రెండేళ్ళు. వినియోగదారుల చట్టంలో ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలుంది. మాంట్రియల్ ఒప్పందంలో లేదు, రెండేళ్ళు దాటితే హక్కే పోతుంది. మాటలతో సంవత్సరం గడిపేస్తారు, చూసుకోండి.

టికెట్ ధర 5 లక్షల లోపే కాబట్టి ఫిర్యాదుకు ఫీజు లేదు. వినియోగదారుల కమిషన్ల ఇ-జాగృతి పోర్టల్లో ఆన్‌లైన్‌లోనే వేయవచ్చు, లాయరు తప్పనిసరి కాదు. అమ్మగారి సాక్ష్యం అఫిడవిట్ రూపంలో ఇస్తే సరిపోతుంది. ఆమె తరఫున మీరు హాజరుకావడానికి రాతపూర్వకంగా అధికారం రాయించుకోండి. అవసరమైతే వీడియోలో విచారణ కావాలని దరఖాస్తు పెట్టవచ్చు.