ఇన్వర్టర్‌కు సూపర్ కెపాసిటర్లు పెట్టే ముందు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

ఇంటి ఇన్వర్టర్‌కున్న లెడ్ యాసిడ్ బ్యాటరీ తీసేసి సూపర్ కెపాసిటర్లు పెట్టించాలనుకుంటున్నట్లు రాశావు. అడ్వాన్సు కట్టే ముందు ఒక లెక్క వేసి చూడు.

బ్యాటరీ రసాయన చర్య ద్వారా విద్యుత్తును నిల్వ చేస్తుంది. సూపర్ కెపాసిటర్ విద్యుదావేశాన్ని ఎలక్ట్రోడు ఉపరితలం మీదే పట్టి ఉంచుతుంది కనుక క్షణాల్లో నిండుతుంది, లక్షల సార్లు వాడినా తట్టుకుంటుంది. ఆ గుణం నాకూ ఎంతో ఇష్టం. కానీ 3000 ఫారడ్లు (ఆవేశాన్ని పట్టి ఉంచే సామర్థ్యానికి కొలత), 2.7 వోల్టుల సెల్ ఒకటి దాదాపు అరకిలో బరువు తూగుతుంది, అందులో పట్టేది 3 వాట్ అవర్లే, అంటే 3 వాట్ల లోడు గంటసేపు నడిచేంత. పైగా వాడేకొద్దీ దాని వోల్టేజీ పడిపోతూనే ఉంటుంది. ఇలాంటి సెల్స్‌ను కలిపి కట్టి 14 వోల్టులకు నింపిన బ్యాంకు 10.5 వోల్టులకు దిగగానే మామూలు ఇన్వర్టర్ ఆగిపోతుంది. అప్పటికి మనకు దక్కేది నిల్వలో 44 శాతం మాత్రమే, మిగిలినదంతా లోపలే ఉండిపోతుంది. ఫ్యాన్లు, లైట్లు కలిపి 200 వాట్ల లోడును 4 గంటలు నడపాలంటే కనీసం 600 సెల్స్, అంటే 300 కిలోలు కావాలి. అదే పనిని 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీ ఒక్కటే సగం ఛార్జితో చేస్తుంది.

బ్యాటరీ పరిమాణంలోనే ఉండి గంటల తరబడి నడిచే ‘సూపర్ కెపాసిటర్’ అని ఎవరైనా చూపిస్తే, లోపలి సెల్ ఏ రకమో రాతపూర్వకంగా అడుగు. మొత్తం వాట్ అవర్లను బరువుతో భాగించినప్పుడు కిలోకు వంద దాటితే అది లిథియం బ్యాటరీయే అనుకోవచ్చు. లిథియం బ్యాటరీల్లో ఒక రకమైన లిథియం ఐరన్ ఫాస్ఫేట్ మంచి సరుకే. ఆ పేరుతో, ఆ ధరకే కొను.

షాంఘైలో 2006 నుంచి సూపర్ కెపాసిటర్ బస్సులు నడిచాయంటే, స్టాపుల్లో ఆగినప్పుడల్లా ఛార్జి చేసుకునే వీలుండబట్టే. నీకు మోటారు స్టార్టింగ్ కరెంటు బాధ ఉంటే బ్యాటరీకి తోడుగా చిన్న బ్యాంకు పెట్టుకోవచ్చు. అప్పుడు సెల్స్ అన్నింటి వోల్టేజీని సమానంగా ఉంచే బ్యాలెన్సింగ్ సర్క్యూట్ ప్రతి సెల్‌కూ తప్పనిసరి. ఖాళీ బ్యాంకును నేరుగా బ్యాటరీకి కలపవద్దు, షార్ట్ సర్క్యూట్ అయినట్లే కరెంటు లాగుతుంది. కరెంటును అదుపులో ఉంచే రెసిస్టరు ద్వారా నింపిన తరువాతే కలుపు. విప్పేటప్పుడూ రెసిస్టరుతోనే ఖాళీ చేసి, మీటరులో సున్నా చూశాకే స్పానరు పట్టుకో.

ఇట్లు,
మీ మామయ్య