ఇల్లు చూసి చెప్పే పనికి లైసెన్సు ఎవరిస్తారు?

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. సివిల్ డిప్లొమా చేసి రెండేళ్లుగా కావలిలో సైట్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. మా బావ డాలస్‌లో ఇల్లు కొనేముందు, లైసెన్సు ఉన్న ఇన్‌స్పెక్టర్ వచ్చి ఇల్లంతా చూసి రిపోర్టు ఇచ్చాడట. ఆ పని నెల్లూరులో మొదలుపెడదామని నా ఆశ. ఒక సంస్థ వాళ్లు మూడు రోజులు ఆన్‌లైన్ క్లాసులు చెప్పి, 18 వేలకు ‘ప్రభుత్వ గుర్తింపు ఉన్న హోమ్ ఇన్‌స్పెక్టర్ లైసెన్సు’ ఇస్తామంటున్నారు. కట్టమంటారా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: కట్టకండి. కొనేవాళ్ల తరఫున ఇంటి మంచిచెడ్డలు చూసి చెప్పే పనికి మన దేశంలో ప్రభుత్వం ఇచ్చే లైసెన్సంటూ లేదు. క్లాసు చెప్పి సొంత సర్టిఫికెట్ ఇచ్చుకుంటే తప్పులేదు గానీ, దాన్ని లైసెన్సని చెప్పి అమ్మడం మోసం. చదువుకున్న పిల్లల దగ్గర ఇలా డబ్బు గుంజుతుంటే నాకు కడుపు మండుతుంది.

మీ బావ చెప్పింది డాలస్ ఉన్న టెక్సాస్ రాష్ట్రం పద్ధతి. అక్కడ రియల్ ఎస్టేట్ కమిషన్ మూడు మెట్లలో లైసెన్సు ఇస్తుంది: అప్రెంటిస్, ఇన్‌స్పెక్టర్, ప్రొఫెషనల్ ఇన్‌స్పెక్టర్. మొదటి రెండు మెట్లలో ఉన్నవాళ్లు ఒక ప్రొఫెషనల్ కింద పనిచేయాల్సిందే. ఇంజనీరింగ్ డిగ్రీ అడగరు. కానీ క్లాసులు పూర్తిచేయాలి, పరీక్ష పాసవ్వాలి. అమెరికాలో చాలా రాష్ట్రాలు వాడే జాతీయ పరీక్షలో 200 ప్రశ్నలు, నాలుగు గంటల టైము. టెక్సాస్‌లో రెండేళ్లకోసారి లైసెన్సు రెన్యూవల్‌కి మళ్లీ 32 గంటల చదువు ఉంటుంది. అమెరికా అంతా ఇలాగే ఉంటుందనుకోకండి. కాలిఫోర్నియాలో ఈ పనికి రాష్ట్ర లైసెన్సే లేదు.

మన దగ్గర దీనికి దగ్గరగా ఉన్నది రిజిస్టర్డ్ వాల్యుయర్, అంటే ఆస్తులకు విలువ కట్టే మనిషి. 2017లో వచ్చిన నిబంధనల కింద ఐబీబీఐ (దివాలా వ్యవహారాలు చూసే కేంద్ర బోర్డు) ఇచ్చే రిజిస్ట్రేషన్ అది. భూములు, భవనాల విభాగానికి సివిల్ ఇంజనీరింగ్ లాంటి డిగ్రీ ఉండాలి, డిగ్రీ తర్వాత ఐదేళ్ల అనుభవం ఉండాలి. గుర్తింపు ఉన్న వాల్యుయర్ల సంస్థలో సభ్యులై 50 గంటల కోర్సు చేయాలి. ఆ పైన కంప్యూటర్ మీద పరీక్ష. 60 శాతం వస్తేనే పాస్, తప్పు జవాబుకు మార్కులు కోస్తారు. మీ డిప్లొమా దీనికి చాలదు. అందుకే ముందు ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరండి. ఆ 18 వేలు ఫీజుకు పనికొస్తాయి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. వాల్యుయర్ చెప్పేది ఇంటి విలువ. స్లాబు ఎన్నాళ్లు నిలుస్తుందో ఆ పరీక్ష నేర్పదు.

అది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చి నెల్లూరు కాలనీలు మునిగాయి కదా. నాలుగు నెలల తర్వాత, ఎండలు ముదిరాక, ఒకాయన కొనబోతున్న ఇల్లు చూడమంటే వెళ్లాను. గోడలకు కొత్త లప్పం, కొత్త రంగు. చెయ్యి పెడితే చెమ్మ లేదు. బాగుందని రాసిచ్చాను. మళ్లీ వానాకాలం రాగానే నడుమెత్తు దాకా లప్పం ఉబ్బి పెచ్చులు ఊడిపోయాయి. స్విచ్ బోర్డు విప్పితే డబ్బాలో ఎండిన ఒండ్రు. ఆ రోజే విప్పి చూసి ఉంటే ఆయనకు ఆ నష్టం తప్పేది. ఆ డబ్బు ఆయన కూతురి పెళ్లికి దాచుకున్నది. అప్పటినుంచి స్క్రూడ్రైవర్ లేకుండా ఏ ఇంటికీ వెళ్లను. కింది స్విచ్ బోర్డులు విప్పుతాను, గోడ అల్మారాల అడుగు అరలు తడిమి చూస్తాను, పక్కింటివాళ్లను ‘నీళ్లు ఎందాకా వచ్చాయమ్మా’ అని అడుగుతాను. వాళ్లు గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు.

మీరు సైటులో ఉన్నారు కాబట్టి ఇప్పటినుంచే నేర్చుకోవచ్చు. సముద్రం పక్క ఊళ్లలో బోరు నీళ్లతో కాంక్రీటు కలుపుతుంటే ఆ నీళ్లు ల్యాబుకు పంపించండి. ఇనుము వేసే కాంక్రీటుకు వాడే నీళ్లలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. దాటితే లోపల ఊచ తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి స్లాబు అడుగున పెచ్చులు రాలతాయి. చిన్న సుత్తితో తట్టి గుల్ల శబ్దం పోల్చుకోవడం, నెర్రె ప్లాస్టరుదా గోడదా అని తేల్చుకోవడం పెద్ద మేస్త్రీల దగ్గర అడిగి నేర్చుకోండి.

లైసెన్సు లేదు కాబట్టి ఈ పని చేయకూడదని కాదు. కొత్త ఫ్లాటు కొన్నవాళ్లకు ఇది నిజంగా అవసరం. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ ప్రకారం, తాళాలిచ్చిన ఐదేళ్లలోపు కట్టుబడిలో లోపం బయటపడి చెబితే బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా బాగుచేయాలి. ఫొటోలు, తేదీలతో మీరిచ్చే రిపోర్టు అప్పుడు వాళ్లకు అక్కరకొస్తుంది. విజిటింగ్ కార్డు మీద మాత్రం ‘లైసెన్స్‌డ్’ అని వేయించుకోకండి. మీ డిప్లొమా, మీ అనుభవం ఉన్నవి ఉన్నట్టు రాయండి. బిల్డరు దగ్గర గానీ, అమ్మేవాళ్ల దగ్గర గానీ ఒక్క రూపాయి కూడా తీసుకోవద్దు.

ప్రశ్న: రిటైరైన ఉపాధ్యాయుణ్ని. మా అబ్బాయి డాలస్ దగ్గర ఇల్లు కొంటున్నాడు. అమ్మేవాళ్ల ఏజెంటే ఇన్‌స్పెక్టర్‌ని పంపిస్తానన్నాడట. ఒప్పుకోవచ్చా? టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, సింగరాయకొండ

జవాబు: వద్దు మాస్టారూ. ఇన్‌స్పెక్టర్‌ని మీ అబ్బాయే వెతుక్కోవాలి. లైసెన్సు నంబరు అడిగి, అది చెల్లుతోందో లేదో టెక్సాస్ కమిషన్ వెబ్‌సైట్‌లో చూసుకోమనండి. ఇల్లు చూసే రోజు సెలవు పెట్టి ఆయన వెంటే తిరగమనండి. అటువైపు మట్టి మన ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలాగే తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. ఇంటి పునాదులు కదిలేది అందుకే. తలుపులు బిగుసుకుంటున్నాయా, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా నెర్రెలు ఉన్నాయా అని ప్రత్యేకంగా అడగాలి. రిపోర్టులో పునాది మాట వస్తే, ఒప్పందం రద్దుచేసుకునే గడువు ముగిసేలోపే స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలిపించమనండి. ఆ గడువు కొద్ది రోజులే ఉంటుంది. ఈ రాత్రికే అబ్బాయికి ఫోన్ చేయండి.