రీబూట్ అయ్యాక గునికార్న్ లేవకపోవడం: సమాధానం

సర్వర్ రీబూట్ అయ్యాక గునికార్న్ (పైథాన్ వెబ్ యాప్‌లను నడిపే ప్రోగ్రామ్) సర్వీస్ "ఫెయిల్డ్" అని ఉంటోంది, చేత్తో స్టార్ట్ చేస్తే మాత్రం నడుస్తోంది అన్నారు. తప్పు గునికార్న్‌ది కాకపోవచ్చు. మీ యాప్ ఇంపోర్ట్ అయ్యేటప్పుడే (అంటే కోడ్ లోడ్ అయ్యేటప్పుడే) డేటాబేస్‌కి కనెక్ట్ అవుతుంటే, డేటాబేస్ ఇంకా లేవని ఆ కొద్ది సెకన్లలో వర్కర్ (రిక్వెస్ట్‌లు చూసే గునికార్న్ ప్రాసెస్) బూట్ కాదు. దాంతో మాస్టర్ (వర్కర్లను నడిపే ప్రధాన ప్రాసెస్) కూడా 3 అనే ఎగ్జిట్ కోడ్‌తో ఆగిపోతుంది. సర్వీస్ లాగ్‌లు చూపే జర్నల్‌సీటీఎల్‌లో ఆ 3 కనిపిస్తే సంగతి ఇదే.

ఆగిన ప్రతిసారీ మళ్లీ మొదలుపెట్టమనే "రీస్టార్ట్=ఆల్వేస్" పెట్టాను కదా అంటారేమో. చిక్కంతా అక్కడే! లినక్స్‌లో సర్వీస్‌లను నడిపే సిస్టమ్‌డీ డిఫాల్ట్‌గా 100 మిల్లీసెకన్లే ఆగి మళ్లీ మొదలుపెడుతుంది. 10 సెకన్లలో 5 సార్లు మొదలుపెట్టినా నిలవకపోతే ఇక వదిలేస్తుంది.

మీ సర్వీస్ ఫైల్‌లోని సర్వీస్ సెక్షన్‌లో "రీస్టార్ట్‌సెక్=5" (ప్రతిసారీ 5 సెకన్లు ఆగమని) పెట్టండి. అప్పుడు ఆ పరిమితి తగలదు. పూర్తిగా తీసేయాలంటే "స్టార్ట్‌లిమిట్‌ఇంటర్వెల్‌సెక్=0", కానీ అది యూనిట్ సెక్షన్‌లోకి వెళ్లాలి; చాలామంది సర్వీస్ కింద రాసి పనిచేయలేదంటారు. తర్వాత సిస్టమ్‌సీటీఎల్‌తో వరుసగా డీమన్-రీలోడ్, రీసెట్-ఫెయిల్డ్, స్టార్ట్ కమాండ్లు ఇవ్వండి.

డేటాబేస్ వేరే మెషీన్‌లో ఉంటే "ఆఫ్టర్=" లైన్ (ఫలానా సర్వీస్ తర్వాతే మొదలుపెట్టమనేది) వల్ల లాభం లేదు. అసలైతే ఆ కనెక్షన్‌ని ఇంపోర్ట్ నుంచి తీసి, మొదటి రిక్వెస్ట్ వచ్చినప్పుడు తెరిస్తే మేలు.