హెడ్ బోల్టులకు టార్క్ ఒక్కటే చాలదా?

ప్రశ్న: కారు ఇంజన్‌కు హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పై భాగమైన హెడ్‌కూ, కింది ప్రధాన భాగమైన బ్లాక్‌కూ మధ్య ఉండే పొర) మారుస్తున్నాను. హెడ్ బోల్టులను ముందు 40 న్యూటన్ మీటర్లకు బిగించి, తర్వాత 90 డిగ్రీలు, మళ్లీ 90 డిగ్రీలు తిప్పమని సర్వీస్ మాన్యువల్‌లో ఉంది. చివరి టార్క్ (తిప్పే బలం) ఎంతో ఒక్క అంకెలో చెబితే సరిపోయేది కదా? పాత బోల్టులే మళ్లీ వాడవచ్చా? మరలకు ఆయిల్ రాయాలా?

జవాబు: ఆ ఒక్క అంకె ఇవ్వకపోవడానికి కారణం రాపిడి. బిగించినప్పుడు బోల్టు కొద్దిగా సాగుతుంది; అది మళ్లీ దగ్గరకు రావాలని లాగే బలమే హెడ్‌ను బ్లాక్‌కు అదిమి పట్టి ఉంచుతుంది. రెంచ్‌పై మనం చూపే బలంలో ఇంచుమించు సగం బోల్టు తల కింది రాపిడికి, దాదాపు 40 శాతం మరల్లోని రాపిడికి పోగా, బోల్టును సాగదీయడానికి మిగిలేది సుమారు పదో వంతు. అందువల్ల ఒక బోల్టు మరలు పొడిగానూ, పక్కదాని మరలు ఆయిల్‌తోనూ ఉంటే, టార్క్ రెంచ్ (పెట్టిన అంకె రాగానే క్లిక్‌మనేది) రెండింటికీ ఒకే అంకె దగ్గర క్లిక్‌మన్నా వాటి బిగువు ఒకటిగా ఉండదు.

కోణానికి ఈ ఇబ్బంది లేదు. మర అంతరం (పక్కపక్క మరల మధ్య దూరం) 1.5 మిల్లీమీటర్లున్న బోల్టును 90 డిగ్రీలు తిప్పితే, రాపిడి ఎంతున్నా, అది 0.375 మిల్లీమీటర్లు ముందుకు వెళ్లి తీరుతుంది. అందులో కొంత గ్యాస్కెట్, హెడ్ అణగడానికి పోయి, మిగతాది బోల్టు సాగుదలగా మారుతుంది. మొదటి 40 న్యూటన్ మీటర్లు సందులు పోగొట్టి, బోల్టులన్నింటినీ ఒకే ప్రారంభ స్థానానికి తేవడానికి మాత్రమే. ఇలా కోణంతో బిగించే బోల్టులు చాలావాటిని తిరిగి పూర్వ స్థితికి రాలేని హద్దు వరకు కావాలనే సాగదీస్తారు. ఆ దశలో కోణం రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ అయినా బిగువు పెద్దగా మారదు.

పాత బోల్టుల విషయంలో జవాబు ఇక్కడే ఉంది. ఒకసారి వాడిన బోల్టులను మార్చమని మాన్యువల్ చెబితే బేరమాడకుండా కొత్తవి వేయండి. మళ్లీ వాడవచ్చని చెప్పి పొడవు పరిమితి ఇచ్చిన చోట, పొడవు కొలవడంతోపాటు, సరైన నట్టును చేత్తో మరల చివరి దాకా తిప్పి చూడండి. మధ్యలో ఎక్కడైనా బిగుసుకుపోతే అక్కడ మర సాగిందన్నమాట, ఆ బోల్టు పనికిరాదు.

ఆయిల్ సంగతిలో సొంత అభిప్రాయానికి తావు లేదు: రాయమంటే మరలకూ తల కిందా పలుచగా రాయాలి, కంపెనీ పూత పూసి ఇచ్చిన బోల్టులకు అసలు రాయకూడదు. అంతకన్నా ముఖ్యం, బ్లాక్‌లో అడుగు మూసి ఉండే బోల్టు రంధ్రాల్లో ఆయిల్ గానీ కూలెంట్ గానీ నిలిచి ఉండకూడదు. ద్రవం అణగదు కనుక బోల్టు దిగేకొద్దీ ఒత్తిడి పెరిగి బ్లాక్ పగలవచ్చు. గాలి ఊది శుభ్రం చేయండి. ఊదేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి, రంధ్రంపై గుడ్డ కప్పండి.

బిగించే వరుస సాధారణంగా నడిమి బోల్టులతో మొదలై చివరలకు సాగుతుంది. ఒక మెట్టు అన్ని బోల్టులకూ పూర్తయ్యాకే తర్వాతి మెట్టుకు వెళ్లాలి. రెండు 90లను కలిపి ఒకే బోల్టును 180 డిగ్రీలు తిప్పేయడం తప్పు, ఎందుకంటే గ్యాస్కెట్ ఒకవైపే అణిగి పక్క బోల్టులు వదులవుతాయి. టార్క్ మెట్టులో ఆపకుండా నెమ్మదిగా లాగి, క్లిక్ వినగానే ఆపండి. అనుమానంతో రెండోసారి క్లిక్‌మనిపించవద్దు. కోణం మెట్టుకు ముందు ప్రతి బోల్టు తలపైనా ఒకే దిక్కున పెయింట్ గీత పెట్టుకుంటే, ఏది తిరిగిందో ఏది మిగిలిందో చూడగానే తెలుస్తుంది. అయినా లెక్క తప్పితే అంచనాగా మరికొంత తిప్పకండి. ఆ బోల్టు తీసేసి, కొత్తది వేసి, మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టండి.

ఇంజన్ కొంతసేపు నడిచాక మళ్లీ బిగించే అలవాటు పాత తరహా గ్యాస్కెట్లతో వచ్చింది. మీ మాన్యువల్ చెప్పకపోతే, కోణంతో బిగించిన బోల్టుల జోలికి వెళ్లకండి.