బిడ్డ కడుపులోనే పోతే పోస్ట్‌మార్టం చేయించాలా? ముందు మాయను పారేయకుండా ఆపండి

36 వారాలకు మీ చెల్లెలి బిడ్డ కడుపులోనే చనిపోయిందని, డాక్టర్లు పోస్ట్‌మార్టం అడిగితే ఇంట్లోవాళ్లు ‘పోయిన ప్రాణం తిరిగొస్తుందా, ఆ పసిదాన్ని కోయడమెందుకు’ అంటున్నారని రాశారు. మా ఇంట్లోనూ అచ్చం ఇదే మాట. నాకప్పుడు 33 వారాలు. నన్ను అడక్కుండానే పెద్దవాళ్లు వద్దని చెప్పేశారు. మాయనైనా పరీక్షకు పంపనా అని డాక్టరమ్మ అడిగితే తలూపాను, అదేమిటో తెలియకుండానే.

చివరికి దారి చూపింది ఆ మాయే. అందులో చాలాచోట్ల రక్తం అందక కండ చచ్చిపోయిందని రిపోర్టు వచ్చింది. దాన్నిబట్టి నాకు యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీల (ఇవి ఒంట్లో ఉంటే రక్తం తేలిగ్గా గడ్డకడుతుంది) పరీక్ష చేశారు. పాజిటివ్. ఒక్కసారితో తేల్చరు, కనీసం 12 వారాలు ఆగి మళ్లీ చేస్తారు. ఆ మూడు నెలల టెన్షన్ పగవాళ్లకు కూడా వద్దు. రెండోసారీ పాజిటివే. తర్వాతి కాన్పుకు రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, హెపారిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు.

నా ఒక్కదాని అనుభవమే కాదు. 2017లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో 500కు పైగా ఇలాంటి కేసులు చూశారు. మాయ పరీక్ష దాదాపు 65 శాతం మందికి, పోస్ట్‌మార్టం 42 శాతానికి, జన్యు పరీక్ష 12 శాతానికి కారణం తేల్చడానికో, ఫలానాది కాదని చెప్పడానికో పనికొచ్చాయి.

కొన్నింటికి టైమ్ దాటిపోతే మళ్లీ అవకాశం రాదు. బిడ్డ రక్తం తల్లి రక్తంలో కలిసిందేమో చూసే పరీక్షకు ఆలస్యం లేకుండా తల్లి రక్తం తీయాలి. జన్యు పరీక్షకు తీసిన కండ ముక్కను ఫార్మలిన్‌లో (ముక్కలు చెడకుండా ల్యాబుల్లో వాడే ద్రవం) వేయకూడదు. కణాలు పెంచి చేసే క్రోమోజోమ్ పరీక్ష ఇలాంటప్పుడు తరచూ ఫెయిలవుతుంది, కణాలు పెంచకుండా నేరుగా డీఎన్‌ఏను చూసే మైక్రోఅరే పరీక్షకు ఆ బాధ తక్కువ. షుగర్, ఇన్‌ఫెక్షన్ల పరీక్షలు ఎలాగూ చేస్తారు.

‘పేగు మెడకు చుట్టుకుంది, అంతే’ అని ఎవరైనా తేల్చేస్తే ఊరుకోకండి. హాయిగా పుట్టే పిల్లల్లోనూ నలుగురైదుగురిలో ఒకరికి అలా ఉంటుంది. అన్నీ చేయించినా కారణం దొరకనివాళ్లు చాలామందే ఉంటారు, దానికీ సిద్ధపడాలి.

కోత ఇష్టం లేకపోతే ఎక్స్‌రే, ఎమ్మారై, పైపైన పరిశీలన అడగొచ్చు. పోస్ట్‌మార్టం అంత వివరం రాదు, కానీ ఏమీ లేకపోవడం కన్నా నయం. ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు.

కావాలో వద్దో మాత్రం మీ చెల్లెలినే అడగండి. నన్ను అడిగుంటే ఏమనేదాన్నో నాకు ఇప్పటికీ తెలియదు.